కారు బీమా ఎవరి దగ్గర కట్టాలి?

తిరుమలగిరి నుంచి సూర్యాపేటకు కిరాయి కారు నడిపేవాళ్లకు బండే బతుకుదెరువు. ఆ బండికి బీమా ఉండాల్సిందే. 1988 మోటారు వాహనాల చట్టం చెప్పే మాట ఇది.

బీమా నేరుగా కంపెనీలో కట్టొచ్చు. బ్రోకరు ద్వారా కూడా కట్టొచ్చు. బ్రోకరు నాలుగు కంపెనీల ధరలు చూపిస్తాడు. ప్రమాదం జరిగితే కాగితాల పనిలో సాయం చేస్తాడు. నేరుగా కడితే ఆ తిరుగుడు మనదే.

మరి ధర ఎక్కడ తక్కువ? ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే బీమా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఎక్కడ కట్టినా ఒకటే. మన బండి నష్టానికి కట్టేది మాత్రం కంపెనీకో తీరు. రెండు చోట్లా అడగాలి.

పైసలు కంపెనీకి చేరకపోతే బీమా లేనట్టే. అప్పుడు ప్రమాదం జరిగితే పరిహారం యజమాని నెత్తిన పడుతుంది. కాబట్టి కంపెనీ రసీదు తీసుకోండి. పాలసీలో పేరు, బండి నంబరు, తేదీలు మీరే చదవండి. చదువు నేర్చింది ఇందుకే కదా!