భుజానికి మాసిక: ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అడగవలసినవి

యాభై దాటిన మనవాళ్ళలో చాలామందికి భుజం నొప్పి పరిచయమే. చెయ్యెత్తి పై అరలో డబ్బా అందుకోలేరు, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేరు. దీనికి తరచుగా కనిపించే కారణం రొటేటర్ కఫ్ చిరగడం. భుజం కీలు చుట్టూ ఉన్న నాలుగు కండరాలను ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీలను టెండన్లు అంటారు. వయసుతో పాటు ఇవి పల్చబడి చిరుగుతాయి. అన్ని చిరుగులకూ ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి ఫిజియోథెరపీతోనే గుణం కనిపిస్తుంది.

ఆపరేషన్‌లో సర్జన్ చిరిగిన టెండన్‌ను తిరిగి ఎముకకు చేర్చి కుడతారు. చిక్కల్లా ఆ కుట్టు నిలవడంలోనే ఉంది. బ్రిటన్‌లో జరిగి, 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడాది తర్వాత స్కాన్ తీస్తే సుమారు 40 శాతం మందికి టెండన్ మళ్ళీ చిరిగి ఉంది.

పాత పంచె చిరిగితే కుట్టుతో సరిపెట్టక మాసిక వేస్తాం కదా! ఇక్కడా అదే ఆలోచన. మరణానంతరం దానమిచ్చిన మనిషి చర్మం, పంది చర్మం లేదా పేగు పొర, ఆవు జాతి పశువుల టెండన్ వంటివాటి నుండి జీవకణాలను తొలగించి, కొల్లాజెన్ అల్లికను మాత్రం మిగిల్చి కుట్టు మీద అమరుస్తారు. మన కణాలు అందులోకి చేరి టెండన్‌ను బలపరుస్తాయని ఆశ.

ఫలితాలు మాత్రం పదార్థాన్ని బట్టి మారాయి. 2006లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, పంది పేగు మాసిక వేసిన 15 మందిలో నలుగురికే టెండన్ అతికింది. మాసిక లేని 15 మందిలో తొమ్మిది మందికి అతికింది! 2012 నాటి మరో అధ్యయనంలో మనిషి చర్మం వాడితే 85 శాతం, వాడకపోతే 40 శాతం కుట్లు నిలిచాయి. ఇటీవల స్పెయిన్‌లో 124 మందిపై పశువుల కొల్లాజెన్‌ను పరీక్షించగా మళ్ళీ చిరగడం 25.8 నుండి 8.3 శాతానికి తగ్గింది. కానీ ఏడాది తర్వాత నొప్పిలో, చేతి పనితనంలో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ విషయంపై పెద్ద పరీక్ష అవసరమని ఆక్స్‌ఫర్డ్ బృందం 2021 నివేదికలో తేల్చింది.

కాబట్టి సమ్మతి పత్రంపై సంతకం చేసేముందు అడగండి: నా చిరుగు ఎంత పెద్దది? మాసిక లేకుండా కుడితే ఏమవుతుంది? ఆ మాసిక దేనితో తయారైంది? పంది, ఆవు పదార్థాలు మనలో కొందరికి మత విశ్వాసాల రీత్యా సమ్మతం కాకపోవచ్చు. మన పట్టింపులు సర్జన్‌కు తెలియవు, మనమే ముందుగా చెప్పాలి. రోగికి ముఖ్యమనిపించే రిస్కులను, ఇతర మార్గాలను డాక్టరు వివరించాలని 2015లో మాంట్‌గోమరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అడగడానికి మొహమాటం వద్దు. ఆపరేషన్ రోజు ఉదయం వరకూ ఆగకుండా క్లినిక్‌లోనే అడగండి.

మాసిక వేసినా కొన్ని వారాల స్లింగు, నెలల తరబడి వ్యాయామం తప్పవు. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం కూడా కుట్టు అతకడానికి సాయపడతాయి.