ఏటి పాటకు గిటార్
ఇండియన్ ఓషన్ పాటల పుట్టిల్లు స్టూడియో కాదు. నర్మద లోయ, కేరళ చర్చి, ఉద్యమ సభ

కచేరీ మొదలైన కాసేపటికే కుర్రకారు అడిగే పాట 'మా రేవా'. ఇండియన్ ఓషన్ రాక్ బృందానికి పేరు తెచ్చిన పాటల్లో అదొకటి. తాళం వేస్తూ గొంతు కలిపేవారిలో అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు మాత్రం తక్కువే.

రేవా అంటే నర్మదా నది. ఆ తల్లి నీటిని కొలుస్తూ ఒడ్డున బతికే జనం పాడుకునే పాట ఇది. దాన్ని నగరానికి తెచ్చింది బృందంలో బేస్ గిటార్ వాయించే గాయకుడు రాహుల్ రామ్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణంలోని విషపదార్థాలపై డాక్టరేట్ చేసిన ఆయన, 1990ల తొలి సగంలో నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేశారు. సుస్మిత్ సేన్ (గిటార్), ఆషీమ్ చక్రవర్తి (తబలా, గానం) ఢిల్లీలో 1990లో మొదలుపెట్టిన బృందంలో మరుసటి ఏడాది చేరారు. డ్రమ్స్ వాయించే అమిత్ కిలమ్ 1994లో వచ్చారు.

'మా రేవా' ఉన్న 'కందీసా' ఆల్బమ్ 2000లో వెలువడింది. సర్దార్ సరోవర్ ఆనకట్ట నిర్మాణం కొనసాగించవచ్చని సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో తీర్పు చెప్పిందీ అదే ఏడాది, అక్టోబర్ 18న. 138.68 మీటర్ల పూర్తి ఎత్తుకు చేరిన ఆ ప్రాజెక్టును 2017లో ప్రధాని నరేంద్ర మోడీ జాతికి అంకితం చేశారు. 2019 సెప్టెంబర్‌లో జలాశయం తొలిసారి పూర్తి మట్టానికి నిండింది. మధ్యప్రదేశ్‌లో ఊళ్లు, పొలాలు నీట మునిగాయి. పాటలో ఆనకట్ట మాటే లేదు. ఉన్నదల్లా పారే నదిపై భక్తి. కానీ పారే నది స్థానంలో నిలవ నీరు వచ్చాక అదే భక్తి గీతం శోకగీతంలా వినిపిస్తుంది. పాటలో ఒక్క మాటా మారలేదు. మారింది నది.

ఆ ఆల్బమ్‌లోని మిగతా పాటలకూ ఇలాంటి మూలాలే ఉన్నాయి. 'కందీసా' కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. భాష సిరియాక్, అంటే ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్‌కు చెందిన ఒక రూపం. ఆ మాటకు 'పరిశుద్ధుడు' అని అర్థం. 'హిల్లేలే' కవి గోరఖ్ పాండేది. జన సంస్కృతి మంచ్ తొలి ప్రధాన కార్యదర్శి అయిన ఆయన 1989లో ఆత్మహత్య చేసుకున్నారు. జనం దండు కదిలితే లోకం దద్దరిల్లుతుందని చెప్పే ఆ భోజ్‌పురి పాట ఊరేగింపుల కోసం పుట్టింది. తర్వాతి ఆల్బమ్ 'ఝీనీ' (2003) పేరు కబీర్ నుంచి వచ్చింది. దేహాన్ని సన్నని నేత బట్టతో పోల్చిన పదమది. 2010లో 'పీప్లీ లైవ్' సినిమాలో వినిపించిన 'జిందగీ సే డర్తే హో' పాకిస్థానీ ఉర్దూ కవి నూన్ మీమ్ రాషిద్ రచన.

నది ఒడ్డున పాడినదాన్ని టికెట్ కొన్న శ్రోతల ముందు వాయిస్తే పదును పోదా? ఆ సందేహం సబబే. ఊరేగింపులో పాట పాడేవాడికి పోలీసు లాఠీ భయం ఉంటుంది. కచేరీ హాల్లో అది ఉండదు. అర్థం తెలియకుండా చిందులేయడమూ సాధ్యమే. కానీ ఈ బృందం జానపదాన్ని పైపూతగా వాడుకోలేదు. పదాలను నింపాదిగా పలికి, వాటి చుట్టూ సుదీర్ఘంగా వాయించింది. 1997 నాటి ఆల్బమ్ 'డిజర్ట్ రెయిన్' కూడా వీధి నాటకం ఆడుతుండగా దాడికి గురై మరణించిన సఫ్దర్ హష్మీ స్మృతిలో సహమత్ జరిపిన కార్యక్రమంలో రికార్డు చేసిందే.

ఆషీమ్ 2009 డిసెంబర్ 25న కన్నుమూశారు. సుస్మిత్ 2013లో బృందాన్ని వీడారు. వారి స్థానంలో కొత్తవారు వచ్చారు, పాటలు ఆగలేదు. గాయకులు పోయినా పాట నిలవడం జానపదానికి కొత్త కాదు. లోయ వాసులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మునిగిన ఊరికి బదులు ప్లాటు ఇవ్వవచ్చు, ఒడ్డును ఇవ్వలేరు. ఈసారి 'మా రేవా'కు తాళం వేసేటప్పుడు ఆ ఒడ్డును తలచుకుంటే, పాట తన ఊరికి కాస్త దగ్గరవుతుంది.