విడిది ఇస్తాం రండి అన్న మిల్వాకీ

తణుకు దగ్గరి వడ్లూరు పేరు 2024 జూలైలో అమెరికా పత్రికలకు ఎక్కింది. ఆ ఊరి మూలాలున్న చిలుకూరి వారి ఆడపడుచు ఉష, జూలై 17 రాత్రి రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ వేదిక ఎక్కి, ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న తన భర్త జె.డి. వాన్స్‌ను సభకు పరిచయం చేశారు. ఆమె పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలోనే అయినా మన పిల్ల మన పిల్లే గదా! విలేఖరులు వడ్లూరు దారి పట్టారు.

ఆ సభ జరిగిన ఊరి గురించి మాత్రం ఇక్కడ పట్టించుకున్నవారు తక్కువ. ఆ ఊరు మిల్వాకీ. సభ దానంతటది నడిచి అక్కడికి రాలేదు. పిల్లకు సంబంధం వెతికే తండ్రిలా కాళ్ళరిగేటట్టు తిరిగి తెచ్చుకున్నారు. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంకో పార్టీ మహాసభను ఇలాగే తెచ్చుకుని, పందిళ్ళు వేశాక పెళ్ళివారు రాకపోతే ఎలా ఉంటుందో చవి చూశారు కూడా.

చికాగో నీడలో

అమెరికా ఉత్తరాన నడిమి రాష్ట్రాలను మిడ్‌వెస్ట్ అంటారు. అందులో విస్కాన్సిన్ ఒకటి. మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న మిల్వాకీ ఆ రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరం. పెద్ద అన్నా 2020 జనాభా లెక్కల ప్రకారం 5 లక్షల 77 వేల మందే. జర్మనీ నుంచి వలస వచ్చినవారు పెట్టిన బీరు కర్మాగారాలతో పేరు తెచ్చుకుంది. హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిళ్ళు 1903లో పుట్టింది ఇక్కడే.

దీనికి దిష్టిబొమ్మలా పక్కనే చికాగో ఉంది. దూరం 145 కిలోమీటర్లు. సభ గాని, సంత గాని, ప్రదర్శన గాని చికాగోకే పోతుంది. హోటళ్ళు అక్కడ, విమానాలు అక్కడ, పేరూ అక్కడే. ఎంత బాగా చదివినా పెద్దన్నయ్య మార్కులతోనే పోల్చి చూసే ఇంట్లో రెండోవాడి పరిస్థితి మిల్వాకీది.

మిల్వాకీకి ఇంకో చిత్రమైన చరిత్ర ఉంది. 1910 నుంచి 1960 లోపు ముగ్గురు సోషలిస్టులు మేయర్లయ్యారు. వారిలో డేనియల్ హోన్ 1916 నుంచి 1940 దాకా, అంటే 24 ఏళ్ళు, ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఊరికి మంచి మురుగు కాల్వలు వేయించామని వారు పదే పదే చెప్పుకునేవారట. అందుకని 'మురుగు కాల్వల సోషలిస్టులు' అని ఎగతాళి చేశారు. మంచి డ్రైనేజీ కోసం అర్జీలు పెట్టి పెట్టి అలసిన మన పట్టణాలవారికి ఇది ఎగతాళిలా వినిపించకపోవచ్చు!

పత్రికా రచయిత వేసిన విత్తు

సభలకు ఊళ్ళు పోటీ పడడం ఇవాళ్టి ముచ్చట కాదు. 1860లో రిపబ్లికన్ పార్టీ సభను చికాగోకు రప్పించడానికి నార్మన్ జడ్ అనే న్యాయవాది ఒక ఎత్తు వేశాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్ద అభ్యర్థి ఎవరూ లేరు, కనుక ఇది ఎవరికీ పక్షం కాని తావు అని నచ్చజెప్పాడు. చికాగోవారు కలపతో విగ్వామ్ అనే పెద్ద సభాశాలను హడావుడిగా నిలబెట్టారు. ఆ 'పెద్ద అభ్యర్థి లేని' రాష్ట్రం నుంచే అబ్రహాం లింకన్ ఆ శాలలో అభ్యర్థిగా నెగ్గి బయటికి వచ్చాడు. జడ్ లింకన్ మనిషి అన్న సంగతి వేరే చెప్పాలా!

కాన్సాస్ సిటీది ఇంకో కథ. 1900 జూలై 4న డెమొక్రాటిక్ పార్టీ మహాసభ జరగవలసిన అక్కడి కొత్త సభాశాల ఏప్రిల్ 4న అంటుకుని బూడిదైంది. గడువు సరిగ్గా మూడు నెలలు. బూడిద చల్లారకముందే ఊరివారు చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. అనుకున్న రోజుకు కొత్త శాలలో సభ జరిగింది, విలియం జెన్నింగ్స్ బ్రయన్ అభ్యర్థి అయ్యాడు.

అయితే సభలను రప్పించడాన్ని ఒక ఉద్యోగంగా, దానికొక ఆఫీసుగా మార్చిన ఘనత డెట్రాయిట్‌ది. 1896 ఫిబ్రవరిలో మిల్టన్ కార్మైకేల్ అనే విలేఖరి 'డెట్రాయిట్ జర్నల్' పత్రికలో ఒక సూచన చేశాడు. సభలకు వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తున్నారు, డబ్బు ఖర్చు పెడుతున్నారు. వ్యాపారులంతా కలిసి పూనుకుంటే ఇంకా ఎక్కువ మందిని రప్పించవచ్చు గదా అన్నది దాని సారాంశం. ఆ నెలలోనే వర్తకులు, హోటళ్ళవారు కలిసి సంఘం కట్టారు. జీతం ఇచ్చి మనిషిని పెట్టి ఊరూరా తిప్పారు. ఇవాళ ప్రతి నగరంలో ఉన్న కన్వెన్షన్ బ్యూరోలకు అదే మూలపురుషుడు. ఆ డెట్రాయిట్‌లోనే 2005లో, 2015లో మన తానా మహాసభలు జరిగాయి. 2025 జూలైలో మళ్ళీ ఆ నగరం శివారు నోవైలో జరిగాయి.

అలిగిన ఇంటికి

ఇక మిల్వాకీ. 2018లో ఆ ఊళ్ళో బాస్కెట్‌బాల్ కోసం ఫైసర్వ్ ఫోరమ్ అనే భవనం తెరిచారు. ఖర్చు 52 కోట్ల డాలర్ల పైచిలుకు. అందులో 25 కోట్లు ప్రజల సొమ్ము. అంత పెట్టి కట్టాక ఆటలకే పరిమితం చేయడమెందుకు అనుకున్నారు. మేయర్ టామ్ బారెట్, బాస్కెట్‌బాల్ జట్టు యజమాని కుమారుడు అలెక్స్ లాస్రీ ముందు నిలబడి, 2020 డెమొక్రాటిక్ మహాసభను మా ఊళ్ళో పెట్టండని అడగడం మొదలుపెట్టారు.

అడగడమంటే వట్టి మాటలు కావు. సభాశాల కొలతలు, హోటల్ గదుల లెక్క, విమానాశ్రయం, బస్సులు, బందోబస్తు అన్నీ కాగితం మీద పెట్టాలి. చందాలు ఎంత పోగుచేయగలరో హామీ ఇవ్వాలి. పూర్వం ఈ సభలకు కేంద్ర ప్రభుత్వం పార్టీలకు కొంత డబ్బు ఇచ్చేది. 2014లో చట్టం చేసి అది ఆపేశారు. ఆ బరువంతా పిలిచిన ఊరి నెత్తినే పడింది. పార్టీ బృందం వచ్చి చూసి పోతుంది. ఆ రోజున ఊరంతా పెళ్ళిచూపుల ఇల్లే.

చివరికి మిగిలినవి మూడు: హ్యూస్టన్, మయామీ బీచ్, మిల్వాకీ. మొదటి రెంటికీ హోటళ్ళు కోకొల్లలు. మిల్వాకీకి గదులే చాలవు. ప్రతినిధుల్లో కొందరిని రాష్ట్రం దాటించి ఇల్లినాయ్‌లో దించక తప్పదని తేలింది. పెళ్ళి ఒక ఊళ్ళో, విడిది పక్క జిల్లాలో అన్నమాట.

మరి ఎలా గెలిచింది? రాజకీయం కలిసి వచ్చింది. 2016లో హిల్లరీ క్లింటన్ అభ్యర్థి అయ్యాక విస్కాన్సిన్‌లో అడుగు పెట్టలేదు. 23 వేల లోపు ఓట్లతో ఆ రాష్ట్రం పోయింది. అలిగిన ఇంటికి వెళ్ళి పలకరించాలనుకున్న పార్టీకి మిల్వాకీ గుమ్మం కనిపించింది. 2019 మార్చి 11న ప్రకటన వెలువడింది. చికాగో కాని మిడ్‌వెస్ట్ ఊరికి డెమొక్రాటిక్ మహాసభ రావడం 1916లో సెయింట్ లూయిస్ తరువాత ఇదే. రాష్ట్ర రిపబ్లికన్ నాయకులు మాత్రం, సోషలిజంతో ఇంతగా ముడిపడిన ఊరు అమెరికాలో మరొకటి లేదు, డెమొక్రాట్లకు తగిన చోటే దొరికిందని దెప్పిపొడిచారు.

యాభై వేల మంది వస్తారన్నారు. ఊరికి 20 కోట్ల డాలర్ల రాబడి అన్నారు. హోటళ్ళవారు, రెస్టారెంట్లవారు, బార్లవారు, ట్యాక్సీలవారు ఎవరి లెక్కలు వారు వేసుకున్నారు. కొందరు తమ ఇళ్ళనే అద్దెకిద్దామని చూశారు.

కరోనా వచ్చింది. జూలైలో జరగవలసిన సభ ఆగస్టుకు పోయింది. కొత్త భవనంలోంచి దగ్గర్లోని చిన్న సభాశాలకు మారింది. ఆగస్టు మొదటి వారంలో, ప్రసంగించేవారెవరూ రావడం లేదన్నారు. జో బైడెన్ కూడా రాలేదు. డెలావేర్‌లోని తన ఊరు విల్మింగ్టన్ నుంచే అభ్యర్థిత్వం స్వీకరించారు. సభ టీవీలో సాగింది. మిల్వాకీ వీధుల్లో కంచెలు, పోలీసులు మిగిలారు. ఏడాది పైగా పడ్డ పాట్లకు ఆ ఊరికి దక్కింది టీవీ తెర మీద పేరు.

రెండోసారి, రెండో పార్టీ

మరొకరైతే చేతులు కడుక్కునేవారే. మిల్వాకీ వారు పాత కాగితాలు దులిపి ఈసారి రిపబ్లికన్ల గుమ్మం తొక్కారు. బందోబస్తు పథకం, హోటళ్ళ లెక్క, బస్సుల దారులు అన్నీ ఒకసారి చేసి పెట్టుకున్నవే. పోటీలో చివరికి మిగిలిన మరో నగరం నాష్‌విల్. అక్కడి కౌన్సిల్ 2022 ఆగస్టులో ఒప్పందం ముసాయిదాను ఓటింగులో తిప్పికొట్టింది. మిల్వాకీ కౌన్సిల్ తన ఒప్పందానికి అప్పటికే ఆమోదం తెలిపి ఉంది. ఆగస్టు 5న రిపబ్లికన్ పార్టీ మిల్వాకీనే ఖాయం చేసింది. మూడేళ్ళ కిందట సోషలిస్టుల ఊరని వెక్కిరించిన పార్టీయే!

తమాషా ఏమంటే, మేయర్ కవేలియర్ జాన్సన్ డెమొక్రాట్. ఊరి ఓటర్లూ ఎక్కువగా అటే. మన ఓట్లు వద్దనేవాళ్ళకు మనం విడిది ఇవ్వడమేమిటని కొన్ని సంఘాలు నిలదీశాయి. ఇది రాజకీయం కాదు, ఊరి వ్యాపారం అన్నది మేయర్ జవాబు. సభకు నెల ముందు డోనాల్డ్ ట్రంప్ మిల్వాకీని భయంకరమైన ఊరు అన్నట్టు పత్రికల్లో వచ్చింది. నేరాలను, ఎన్నికల తీరును ఉద్దేశించి అన్నానని ఆయన తరువాత చెప్పుకున్నారు. ఏమైనా పిలిచినవాళ్ళ మనసు చివుక్కుమంది.

2024 జూలై 15 నుంచి 18 దాకా సభ జరిగింది. రెండు రోజుల ముందే పెన్సిల్వేనియాలో ట్రంప్ మీద కాల్పులు జరగడంతో పహరా ఇంకా బిగిసింది. బందోబస్తుకు కేంద్రం ఇచ్చిన 7.5 కోట్ల డాలర్లతో ఇతర రాష్ట్రాల నుంచి వేల మంది పోలీసులు దిగారు. ఊరేగింపులు పెద్ద గొడవ లేకుండా సాగాయి. కాని రెండో రోజున సభాస్థలికి కొంత దూరంలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్ నుంచి వచ్చిన పోలీసులు ఇల్లు వాకిలి లేని ఒక వ్యక్తిని కాల్చి చంపారు. రెండు చేతులా కత్తులు పట్టుకుని మరొకరి మీదికి వెళ్తున్నాడన్నారు. ఎక్కడివారో వచ్చి మా పేటలో తుపాకీ పేల్చడమేమిటి, మా పోలీసులైతే అతన్ని ఎరిగి ఉండేవారు గదా అని ఆ పేటవాళ్ళు అడిగారు. రాబడి, ఖర్చుల పట్టికలో దీనికి గడి లేదు.

రాబడి సంగతికి వస్తే, హోటళ్ళు నిండాయి. సభలకు భోజనాలు కాంట్రాక్టు తీసుకున్నవారికి, గంపగుత్తగా అద్దెకు పోయిన హాళ్ళకు బాగానే గిట్టింది. కంచె దాటి నాలుగు వీధుల అవతల రెస్టారెంట్లు మాత్రం వెలవెలబోయాయి. ప్రతినిధులు కంచెలోపలే విందులు తిన్నారు. రోజూ వచ్చే ఊరి జనం ట్రాఫిక్ చూసి ఇళ్ళకే అంటుకుపోయారు. అదనంగా మనుషులను పెట్టుకుని, సరుకు తెచ్చి పెట్టుకున్న యజమానులు పత్రికల వద్ద వాపోయారు. తీర్థం జరిగితే గుడి పక్క కొట్టుకు బేరం, సందు చివరి కొట్టుకు దుమ్ము.

అసలు ఎర

అయినా సభలను తెచ్చేవారి లెక్క ఆ నాలుగు రోజుల గల్లాపెట్టెది కాదు. ప్రపంచమంతటి నుంచి వచ్చిన విలేఖరుల కెమెరాల్లో సరస్సు ఒడ్డు, భవనాలు, వీధులు పడ్డాయి. ఆ బొమ్మలు చూపించి డాక్టర్ల సంఘాలను, ఇంజనీర్ల సంఘాలను, యంత్రాల ప్రదర్శనలవాళ్ళను పిలవాలన్నది వారి ఎత్తు. నాలుగేళ్ళకోసారి వచ్చే రాజకీయ సభ కంటే, ఏటా వంతుల వారీగా తిరిగే ఈ చిన్న సభలే హోటళ్ళకు తిండి పెడతాయి.

అందుకోసమే 2020లో సభ నామమాత్రంగా జరిగిన ఆ విస్కాన్సిన్ సెంటర్‌ను 45.6 కోట్ల డాలర్లతో పెద్దది చేసి 2024 మేలో తెరిచారు. ఒకేసారి రెండు సభలు జరుపుకోవచ్చు. దాన్ని నడిపే సంస్థకు రాబడి హోటల్ గదుల అద్దె మీద, రెస్టారెంట్ బిల్లుల మీద, అద్దె కార్ల మీద వేసే పన్ను. ఊళ్ళోవాళ్ళు బయట భోజనం చేసినా ఆ పన్ను కట్టవలసిందే. పన్ను భారం తమ మీదే పడకుండా, గదులు తీసుకునే పరాయి ఊరివాళ్ళ మీద పడాలంటే సభలు వస్తూనే ఉండాలి. మిల్వాకీ పర్యాటక సంస్థ ఉద్యోగులు సంచీలు సర్దుకుని ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు.