వ్యోమగామికి ప్రయోగ శిక్షణ

అంతరిక్షంలో జరగవలసిన ప్రయోగాన్ని రూపొందించేది శాస్త్రవేత్త. స్వహస్తాలతో నిర్వహించేది వ్యోమగామి. ఈ ఇద్దరి నడుమ వారధి శిక్షణ. కేవల సాధన చాలదని అమెరికా వారి స్కైలాబ్‌లో తేటతెల్లమైంది. 1979లో కూలిపోతూ మన పల్లెలను సైతం హడలెత్తించిన స్కైలాబే అది.

1973 నవంబరు 16న జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ 84 రోజుల యాత్రకు బయలుదేరారు. ముగ్గురికీ అదే తొలి అంతరిక్షయానం. భూమిమీద నమూనా యంత్రాలపై దీర్ఘకాలం సాధన చేసినవారే. అయినా పనులు వెనుకబడ్డాయి. భారరహిత స్థితిలో విడిచిన వస్తువు విడిచినచోట నిలవదు. వెదకులాటకే కాలం హరించుకుపోతుంది. భూమిపైనున్న అధికారులేమో అంతకుముందరి బృందం అందుకున్న వేగాన్నే కొలతగా పెట్టుకొని పని కేటాయించారు. కొత్తవారు అలవాటుపడేందుకు వ్యవధి ఇవ్వకపోవడం వారి పొరపాటే. డిసెంబరు చివర ఇరుపక్షాలూ మనసువిప్పి మాట్లాడుకున్నాయి. భోజన విశ్రాంతి వేళలకు భంగం తగ్గింది, చిన్న పనులకు వెసులుబాటు లభించింది, పని పుంజుకుంది.

1974 జనవరి 21న సౌరజ్వాల పుట్టుకను గిబ్సన్ ఆరంభం నుంచే నమోదు చేశారు. స్వయంగా సౌరభౌతిక శాస్త్రవేత్త గనుక, సూర్యబింబంలో ఏ భాగంపై దృష్టి నిలపాలో ఎరిగి కాచుకొని ఉన్నారు.

నేడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లేవారు హ్యూస్టన్, కొలోన్, సుకుబా నగరాల్లోని నమూనా గదులలో శిక్షణ పొందుతున్నారు. సందేహం కలిగితే భూమిని అడుగుతారు. అంగారక యాత్రలో ఆ సదుపాయం అంత సులభం కాదు. గ్రహాలు దూరమైనప్పుడు ప్రశ్న భూమికి చేరడానికే ఇరవై నిమిషాలు దాటుతుంది.