కలుపు తీసే హైడ్రోజన్, పెరిగే వజ్రం

భూగర్భంలో వజ్రం పుట్టాలంటే విపరీతమైన ఒత్తిడి కావాలి. 1950లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్తలు ఆ ఒత్తిడినే యంత్రంలో సృష్టించి కృత్రిమ వజ్రాలు చేశారు. అయితే, వాతావరణ పీడనం కన్నా తక్కువ ఒత్తిడిలో, వాయువు నుంచి కూడా వజ్రాన్ని పొరగా పెంచవచ్చు. ఈ పద్ధతి పేరు కెమికల్ వేపర్ డిపోజిషన్, క్లుప్తంగా సీవీడీ.

గాలి తీసేసిన గదిలోకి హైడ్రోజన్‌ను, అందులో నూటికి ఒకటి నుంచి కొద్ది పాళ్ల మీథేన్‌ను పంపుతారు. వంటింటి ఓవెన్‌లో ఉండే 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లే ఈ వాయువును ప్లాస్మాగా మారుస్తాయి. మీథేన్ ముక్కలు సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడి మీదున్న పలకపై కార్బన్‌ను చేరుస్తాయి.

చిక్కంతా ఇక్కడే. అంత తక్కువ ఒత్తిడిలో కార్బన్‌కు స్థిరమైన రూపం గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకులోని పదార్థం. వజ్రంతో పాటు అదీ పేరుకుంటుంది. దాన్ని తొలగించేది ప్లాస్మాలో విడిపోయిన హైడ్రోజన్ పరమాణువులు. ఇవి వజ్రం కన్నా గ్రాఫైట్‌ను ఎన్నో రెట్లు వేగంగా తినేస్తాయి. మీథేన్ నాటు వేస్తే హైడ్రోజన్ కలుపు తీస్తుందన్నమాట. పైగా ఉపరితలంలోని కార్బన్ చేతులను పట్టుకుని, అవి గ్రాఫైట్‌గా సర్దుకోకుండా ఆపుతుంది. 1950లలోనే యూనియన్ కార్బైడ్‌లో విలియం ఎవర్సోల్ వాయువు నుంచి వజ్రం పెంచినా, మధ్యమధ్యలో ఆపి గ్రాఫైట్‌ను శుభ్రం చేయాల్సి వచ్చేది. 1980ల తొలినాళ్లలో జపాన్ శాస్త్రవేత్తలు రెండు పనులూ ఒకేసారి జరిగే పద్ధతులను వివరంగా ప్రచురించాకే ఈ రంగం ఊపందుకుంది.

నగల మాట అలా ఉంచితే, ఎలక్ట్రానిక్స్‌కు కావలసింది వజ్రపు ఉష్ణవాహకత. మంచి వజ్రం రాగి కన్నా దాదాపు అయిదు రెట్లు మెరుగ్గా వేడిని లాగేస్తుంది. కానీ సిలికాన్ పలకపై పొర పెంచేటప్పుడు ముందు నానో వజ్రపు పొడి చల్లాలి. ప్రతి రేణువూ ఒక స్ఫటికమై, పక్కవాటిని తాకేదాకా పెరుగుతుంది. ఆ సరిహద్దుల దగ్గర వేడి చెదిరిపోతుంది. స్ఫటికాలు అతి చిన్నగా, సరిహద్దులు ఎక్కువగా ఉండేది పొర అడుగున. చిప్పు నుంచి వేడి ప్రవేశించాల్సిందీ అక్కడే!

సరిహద్దుల్లేని ఏకస్ఫటికం కావాలంటే వజ్రపు పలకనే విత్తనంగా వాడాలి. వేగం కోసం కాస్త నైట్రోజన్ కలిపితే గోధుమరంగు రావచ్చు. దాన్ని పూర్తిగా దూరం పెడితే వచ్చేది ‘టైప్ 2ఏ’ వజ్రం. పేరుమోసిన గోల్కొండ వజ్రాలు చాలావరకు ఈ తరగతివే.

ఈ విత్తనాలు, యంత్రాల కోసం మన దేశం దిగుమతులపై ఆధారపడటాన్ని తగ్గించేందుకు 2023-24 కేంద్ర బడ్జెట్ ఒక ఐఐటీకి అయిదేళ్ల పరిశోధన నిధిని ప్రకటించింది. ఆ బాధ్యత ఐఐటీ మద్రాస్‌కు దక్కింది.