మందు దొరికిన రాత్రి: ‘ది క్రేజీస్’ చిత్రాన్ని గూర్చి

భయం పుట్టించే చిత్రాలంటే మన ఇళ్ళలో పెద్దలకు గౌరవం తక్కువ. తలుపు కిర్రుమనడం, దీపం ఆరిపోవడం, తెల్లచీర కట్టిన ఆడమనిషి పాడుకుంటూ పోవడం, ఇంతకు మించి వాటిలో యేమున్నదని అడుగుతారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ కోవకు చెందిన చిత్రాలలో ఎప్పుడో ఒకటి, చేతిలో డబ్బు లేకపోయినా, పేరుమోసిన తారలు లేకపోయినా, పెద్ద చిత్రాలు చెప్పడానికి జంకే మాటను చెప్పి ఊరుకుంటుంది. అటువంటి చిత్రాన్ని గూర్చి పాఠకులకు నాలుగు మాటలు విన్నవించదలచినాము. దాని పేరు ‘ది క్రేజీస్’. వెర్రివాళ్ళు అని మనం చెప్పుకోవచ్చును. అమెరికాలో 1973లో విడుదలైనది. దర్శకుడు జార్జి రొమేరో.

రొమేరో 1940లో న్యూయార్కులో పుట్టి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గులో స్థిరపడినారు. హాలీవుడ్డు పెద్ద కంపెనీల నీడన పెరిగినవారు కారు. వ్యాపార ప్రకటనల బొమ్మలు తీస్తూ పని నేర్చుకున్నారు. 1968లో మిత్రులతో కలిసి సుమారు 1,14,000 డాలర్లతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే నలుపు తెలుపు చిత్రాన్ని తీసినారు. చచ్చినవాళ్ళు లేచి వచ్చే కథలకు అదే దారి వేసినది. ఆ పేరు ముందు ‘ది క్రేజీస్’ మరుగున పడినది. దీనికైన ఖర్చు సుమారు 2,75,000 డాలర్లు. విడుదలైనప్పుడు డబ్బు రాలేదు. రొమేరో 2017లో కాలం చేసినారు. ఆయన చిత్రాలలో మాకు మాత్రం ఇదే ఎక్కువగా మనసుకు పట్టినది. ఎందుకో చెప్పుతాము.

కథ ఇవాన్స్ సిటీ అనే ఊరిలో జరుగుతుంది. పేరులో సిటీ ఉన్నా అది పిట్స్‌బర్గుకు ఉత్తరాన ఉన్న చిన్న పట్టణం. కల్పించిన ఊరు కాదు. చిత్రాన్ని అక్కడను, పక్కనున్న జీలియనోపుల్‌లోను తీసినారు. రాత్రివేళ ఒక ఇంట్లో అన్న చెల్లెలిని దయ్యంలా బెదిరించి ఆడుకుంటుంటాడు. మన పిల్లలు దీపాలార్పి ఆడే ఆటే. ఇంతలో ఇంట్లో పెద్ద చప్పుడు. తండ్రి సామాను పగలగొడుతున్నాడు. తల్లి పక్కమీద చచ్చి పడి ఉన్నది. ఆ తండ్రే ఇంటికి నిప్పు పెడతాడు. చిత్రం మొదలై అయిదు నిమిషాలైనా కాదు.

సంగతి యేమనగా, కొద్దిరోజుల క్రిందట ఆ ఊరి దగ్గర సైన్యం వారి విమానం కూలినది. అందులో ఉన్నది ‘ట్రిక్సీ’ అని పేరు పెట్టిన సూక్ష్మజీవి. శత్రువుల మీద వదలడానికని ఆ దేశపు శాస్త్రజ్ఞులే తయారుచేసినది. అది ఊరి మంచినీళ్ళలో కలిసినది. తాగినవారు చావనైనా చస్తారు, లేదా మళ్ళీ దిగని వెర్రియైనా ఎక్కుతుంది. తెల్లవారేసరికి సైనికులు ఊరిని చుట్టుముడతారు. తలనుంచి పాదాల దాకా తెల్లని తొడుగులు, మొగాలకు ముసుగులు. ఏమి జరిగినదో ఎవరికీ చెప్పరు. పక్కలమీది నుంచి జనాన్ని లేపి లారీలలో ఎక్కించి హైస్కూలులో కుక్కుతారు.

ఈ గందరగోళం నుంచి తప్పించుకుపోవాలని చూచేవారు అయిదుగురు. డేవిడ్, క్లాంక్ అనే ఇద్దరు అగ్నిమాపక దళంవారు. ఇద్దరూ వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవారే. డేవిడ్ పెండ్లాడబోయే జూడీ వైద్యుని దగ్గర నర్సు, గర్భవతి. వారికి తోడు ఒక తండ్రి, యుక్తవయస్సు కూతురు. వారిలో ఎవరికి జబ్బు అంటినదో, ఎవరికి అంటలేదో వారికే తెలియదు. మనకూ తెలియదు. చిత్రమంతా ఈ ఒక్క అనుమానం మీద నిలబడి ఉన్నది.

ప్లేగు వస్తే గడ్డ కనబడుతుంది. మశూచి వస్తే పొక్కు కనబడుతుంది. ఈ జబ్బుకు గుర్తు లేదు. ఒక ఇంటి మేడమీద ముసలమ్మ కూర్చుని ఊలుతో అల్లుకుంటున్నది. సైనికుడు వస్తే చిరునవ్వుతో పలకరిస్తుంది. మరుక్షణం చేతిలోని సూదితో పొడిచి చంపుతుంది. ఇంకొక చోట సైనికులకూ ఊరివాళ్ళకూ తుపాకులతో పోరు జరుగుతుంటే ఒక ఆడమనిషి పచ్చికను చీపురుతో ఊడుస్తూ పోతుంది. కల్లాపి చల్లబోయే ముందు వాకిలి ఊడ్చినంత నెమ్మదిగా ఊడుస్తుంది. రక్తం చూచినప్పటికంటె అది చూచినప్పుడే మాకు ఎక్కువ భయం వేసినది. దానికైన ఖర్చు ఒక చీపురు!

మరి తమ ఇంటిలోకి జొరబడిన ముసుగు మనిషిపై తుపాకి ఎత్తిన యజమాని మాటేమిటి? అతనికి వెర్రి ఎక్కినదా, లేక అందరికీ వచ్చే కోపమే వచ్చినదా? తన జనాన్ని ఈడ్చుకుపోతున్నారని ఒక మతగురువు నడివీధిలో ఒంటికి నిప్పంటించుకుంటాడు. అది జబ్బా, ధర్మాగ్రహమా? దర్శకుడు జవాబు చెప్పడు. 1963లో సైగాన్ నడివీధిలో తిక్ క్వాంగ్ డుక్ అనే బౌద్ధ భిక్షువు అగ్నికి ఆహుతైన ఫోటో ఆ నాటి ప్రేక్షకులకు బాగా గుర్తున్నదే. 1970 మే 4న ఒహైయో రాష్ట్రంలోని కెంట్ విశ్వవిద్యాలయంలో సైనికుల కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోయినారు. సొంత దేశపు సైన్యం సొంత జనంపై తుపాకి ఎత్తడం వారికి కట్టుకథ కాదు.

సూక్ష్మజీవి సంగతి కూడా గాలిలోంచి పుట్టినది కాదు. 1968 మార్చిలో యూటా రాష్ట్రంలోని స్కల్ లోయలో వేలకొలది గొర్రెలు ఉన్నపళంగా చచ్చినవి. దగ్గరలోనే డగ్వే అనే సైనిక క్షేత్రంలో విషవాయువు పరీక్షలు జరుగుతుండేవి. 1969 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ సూక్ష్మజీవుల ఆయుధాలను తమ దేశం విడిచిపెట్టుతున్నదని ప్రకటించినారు. అటువంటి ఆయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒడంబడికపై 1972లో సంతకాలు మొదలై, 1975లో అది అమలులోకి వచ్చినది. ఈ రెండింటి నడుమ వచ్చినది ‘ది క్రేజీస్’.

ఇక మేము గుమాస్తాపనిలో జుట్టు నెరసినవాళ్ళం కాబట్టి, మాకు అన్నిటికంటె పట్టినది చిత్రంలోని ఆఫీసు వ్యవహారం. ఇందులో దుర్మార్గుడంటూ లేడు. సైనికాధికారి కర్నల్ పెకెమ్ నెమ్మదస్తుడు. లాయిడ్ హాలర్ అనే నల్లజాతి నటుడు ఆ పాత్రను ఎంతో నిబ్బరంగా పోషించినాడు. ఏ సామగ్రీ సరిగా ఇవ్వకుండా ఆయనను ఊరిలోకి తోసినారు. పైవారు మరొక చోట సమావేశమై, అవసరమైతే ఊరిమీద అణుబాంబు వేయడానికి విమానాన్ని గాలిలో తిప్పుతుంటారు. క్రిందివాళ్ళు పైవారితో మాట్లాడాలంటే ముందు కంఠధ్వని పరీక్ష కావాలి. గొంతు రికార్డుతో సరిపోయిన తరువాతనే సంభాషణ. ఊరు తగలబడుతుంటే వీళ్ళు ‘గొంతు సరిచూచుకుంటున్నాము, ఆగండి’ అంటారు. త్రూ ప్రాపర్ ఛానల్ అనే మాట ఎరిగినవారెవరైనా ఆ ఘట్టంలో నవ్వి, వెంటనే నవ్వు ఆపుకుంటారు.

డాక్టర్ వాట్స్ అనే శాస్త్రజ్ఞుడు ట్రిక్సీని తయారుచేసినవారిలో ఒకడు. మంచి ప్రయోగశాలలో ఉండవలసిన మనిషిని హడావిడిగా ఈ ఊరికి తెచ్చి పడవేస్తారు. తిరిగి పోతానంటే పోనివ్వరు. కడకు బడిపిల్లల రసాయన శాస్త్రపు గదిలో, వాళ్ళ గాజు గొట్టాలతోనే రేయింబవళ్ళు పనిచేసి మందుకు దారి కనిపెడతాడు. ఆ గొట్టాలను చేతబట్టుకుని ఆనందంతో పరుగెత్తుతాడు. అతనిని ఎరగని కావలివాళ్ళు వెర్రెక్కినవాడనుకుని రోగుల గుంపులోకి తోస్తారు. గుంపు తిరగబడినప్పుడు తొక్కిసలాటలో మెట్లమీది నుంచి పడి చచ్చిపోతాడు. గొట్టాలు పగిలిపోతవి. అతనిని తోసిన కావలివాడు చేసిన తప్పేమి? కనబడినవాణ్ణి లోపలికి తోయమన్నారు, తోసినాడు. ఎవరి పని వారు సక్రమంగా చేసినందుకే ఊరు పోయినది.

ఈ ఘట్టం మన పాఠకులకు పరాయిదిగా తోచదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినది. మరుసటి యేడు, 1897లో, అంటువ్యాధుల చట్టం వచ్చినది. పూనాలో సోదాల పేరిట సైనికులు ఇళ్ళలోకి జొరబడినందుకే ఆ జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చినారు. 1898లో బెంగుళూరుకు ప్లేగు వచ్చినది. ఊరు విడిచి పొలాలలో గుడిసెలు వేసుకున్న కథలు మన అవ్వలు చెప్పగా విన్నవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఆ 1897 చట్టాన్నే 2020లో కరోనాకు మళ్ళీ బయటికి తీసినారు.

2020 మార్చి 25న దేశమంతటా తలుపులు మూసినప్పుడు, రాష్ట్రపు సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్న మనబోటి కుటుంబాలకు ఆ గీత ఎంత లోతైనదో తెలిసివచ్చినది. ఆ రోజులలో ఒక కార్యాలయంలో మేము కళ్ళారా చూచినది ఒకటి చెప్పుతాము. ఒక పెద్దాయన, చిన్నప్పటి నుంచి తనను పెంచిన మేనమామ అవతలి రాష్ట్రంలో పోయినాడని పాసు కోసం వచ్చినాడు. దరఖాస్తులో బంధుత్వం అన్న గడిలో తల్లి, తండ్రి, భార్య, భర్త, బిడ్డలు అని ఉన్నది. మేనమామకు గడి లేదు. ‘ఇతరులు’ అన్న గడి నింపితే పై అధికారి అనుమతి కావాలి. అనుమతి మూడవనాడు వచ్చినది. దహనం మొదటినాటి సాయంత్రమే అయిపోయినది. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ‘ఉండనీండి అయ్యా, చిన్నదినానికి పనికివస్తుంది’ అని వెళ్ళిపోయినాడు. అక్కడివారెవరూ చెడ్డవారు కారు. గడి లేదు, అంతే. వాట్స్ చేతిలోని గొట్టాలు పగిలినప్పుడు మాకు ఆ పెద్దాయన జ్ఞాపకం వచ్చినాడు.

చిత్రంలో లోపాలు లేవని మేము అనము. కొందరి నటన నాటకపు రిహార్సలులాగా ఉంటుంది. అరుపులు ఎక్కువ. రక్తం ఎర్రరంగని ఇట్టే తెలుస్తుంది. కాని కూర్పు రొమేరో స్వయంగా చేసినారు. దృశ్యం నిలవకుండా తుంచి తుంచి అతికిన ఆ పద్ధతివల్ల ఊరంతా ఊపిరి సలపకుండా ఉన్నట్టు తోస్తుంది. లేమి ఒక్కొక్కప్పుడు సహాయమే చేసినది. ముసుగుల వెనక ఎవరున్నదీ కనబడదు గనుక కొద్దిమందితోనే పెద్ద సైన్యాన్ని చూపగలిగినారు. పైగా ముఖం లేని సైన్యం అన్న భావం దానంతటదే కుదిరినది. 2010లో బ్రెక్ ఐస్నర్ దర్శకత్వంలో ఈ కథనే ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చుతో మళ్ళీ తీసినారు. అది నున్నగా ఉన్నది, ఉలిక్కిపడేటట్టు చేస్తుంది. అయితే అక్కడ కథ తప్పించుకుపోయేవారి పక్షాననే నడుస్తుంది. ఆజ్ఞ ఇచ్చేవాని అలసట, ఆజ్ఞ పాటించేవాని అయోమయం మొదటి చిత్రంలోనే ఉన్నవి.

చివరకు జూడీ కూడా జబ్బుపడి, ఊరివాళ్ళ తుపాకికే బలి అవుతుంది. డేవిడ్ పట్టుబడతాడు. ఇంతమందికి అంటినది అతనికి అంటలేదు. బహుశా మందు అతని నెత్తురులోనే ఉన్నది. ఐనా ఎవరూ పరీక్షించి చూడరు. పెకెమ్‌ను మరొక పట్టణానికి పొమ్మని ఉత్తరువు వస్తుంది. అక్కడ కూడా జబ్బు కనబడినదని అనుమానం. ఆయన బట్టలు విడిచి, వేరేవి తొడుక్కుని, చీకటిలో హెలికాప్టరెక్కి పోతాడు. శుభం కార్డు వేయదగిన ముగింపు కాదు.

ఇది పిల్లలతో కూర్చుని చూడదగిన చిత్రం కాదని ముందుగా హెచ్చరిస్తున్నాము. హింస ఉన్నది, పెద్దలకు సయితం ఏవగింపు కలిగించే ఒకటి రెండు ఘట్టాలున్నవి. కాని ఉద్యోగంలో ఉన్నవారు, ముఖ్యంగా కిటికీకి ఇవతలి పక్క కూర్చుని కాగితాలందుకునేవారు, ఒక్కసారైనా చూడవలెనని మా మనవి. మందు కనిపెట్టడం పెద్దల పని. దానిని పట్టుకుని పరుగెత్తి వచ్చే మనిషిని ఆపి, ‘నీవెవరివి నాయనా, ఆ చేతిలో ఏమిటి?’ అని ఒక్క మాట అడగడం మన పని. ఇవాన్స్ సిటీలో ఆ ఒక్క మాట అడిగేవారు లేకపోయినారు.