తీరప్రాంత సరస్సుల నీటి పరిమాణం: చిల్కా, పులికాట్, కొల్లేరు

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరవాత మీరు:
• సరస్సు వైశాల్యానికి, నీటి పరిమాణానికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సరస్సులోని నీటిని సుమారుగా లెక్కించగలుగుతారు.
• కొల్లేరు వరద నిల్వ సామర్థ్యం ఎందుకు తగ్గుతుందో చెప్పగలుగుతారు.

1. పరిచయం

బంగాళాఖాతం తీరం వెంబడి మూడు పెద్ద సరస్సులున్నాయి. అవి ఒడిశాలోని చిల్కా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని పులికాట్, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు. మొదటి రెండూ సముద్రంతో సంబంధం ఉన్న ఉప్పునీటి సరస్సులు. కొల్లేరు మంచినీటి సరస్సు. వీటిలో ఏది పెద్దదని అడిగితే సాధారణంగా వైశాల్యం చూసి జవాబు చెబుతాం. అయితే వరద వచ్చినప్పుడు ఏ సరస్సు ఎంత నీటిని ఆపగలదో తెలియాలంటే వైశాల్యం ఒక్కటే చాలదు.

2. లెక్కించే పద్ధతి

నీటి పరిమాణం = వైశాల్యం × సరాసరి లోతు

ఒక చదరపు కిలోమీటరు మేర ఒక మీటరు లోతున నీరు నిలిస్తే అది 10 లక్షల ఘనపు మీటర్లు. మన నీటిపారుదల లెక్కల్లో వాడే ఒక టి.ఎం.సి. (వంద కోట్ల ఘనపు అడుగులు) సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లకు సమానం.

3. చిల్కా, పులికాట్

చిల్కా వైశాల్యం వేసవిలో సుమారు 900 చ.కి.మీ., వర్షాకాలంలో 1,100 చ.కి.మీ.కి పైగా ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి 1,000 చ.కి.మీ. వైశాల్యం, 1.5 మీటర్ల సరాసరి లోతు తీసుకుందాం. అప్పుడు నీరు 150 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 53 టి.ఎం.సి.లు. పులికాట్‌కు 450 చ.కి.మీ. వైశాల్యం, ఒక మీటరు లోతు తీసుకుంటే 45 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 16 టి.ఎం.సి.లు వస్తాయి.

వైశాల్యంలో చిల్కా పులికాట్‌కు రెండు రెట్లకు కాస్త ఎక్కువ. నీటి పరిమాణంలో మాత్రం మూడు రెట్లకు మించింది. లోతులో అర మీటరు తేడాయే దీనికి కారణం.

4. కొల్లేరు: మట్టాన్ని బట్టి మారే సరస్సు

కొల్లేరు పళ్లెం వంటిది. నీటిమట్టం కొంచెం పెరిగినా నీరు చాలా దూరం పరుచుకుంటుంది. అందుకే దాని వైశాల్యాన్ని కాంటూర్లలో, అంటే సముద్ర మట్టం నుంచి ఎన్ని అడుగుల ఎత్తు అన్న లెక్కలో చెబుతారు. మూడో కాంటూరు వద్ద 135, ఐదో కాంటూరు వద్ద 308, పదో కాంటూరు వద్ద 901 చ.కి.మీ.

రెండు కాంటూర్ల మధ్య పట్టే నీటిని లెక్కించడానికి ఆ రెండు వైశాల్యాల సరాసరిని ఎత్తులోని తేడాతో గుణించాలి.

• 3 నుంచి 5 అడుగుల వరకు: 221.5 చ.కి.మీ. × 0.61 మీ. = 13.5 కోట్ల ఘనపు మీటర్లు (సుమారు 4.8 టి.ఎం.సి.లు)
• 5 నుంచి 10 అడుగుల వరకు: 604.5 చ.కి.మీ. × 1.52 మీ. = 92 కోట్ల ఘనపు మీటర్లు (సుమారు 32.5 టి.ఎం.సి.లు)

ఐదో కాంటూరు దగ్గర కొల్లేరు వైశాల్యంలో పులికాట్ కన్నా చిన్నది. పదో కాంటూరు దాకా నిండితే మూడో కాంటూరుకు పైన ఉన్న నీరే పులికాట్ మొత్తం నీటికి రెట్టింపును మించుతుంది. కాబట్టి ఏ మట్టం దగ్గర పోలుస్తున్నామో చెప్పకుండా ‘పెద్ద సరస్సు’ అనడం అసంపూర్ణం.

5. చేపల చెరువులు, వరద నిల్వ

బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరద కొల్లేరుకు చేరుతుంది. అది సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వచ్చిన వరద అంత వేగంగా బయటికి పోలేదు కనుక కొంతకాలం సరస్సులోనే నిలవాలి. చేపల చెరువులకు గట్లు వేస్తే ఆ చోటు తగ్గుతుంది. పటంలో అక్కడ నీరే కనిపిస్తుంది, వైశాల్యం తగ్గినట్టు అనిపించదు. కాని ఆ చెరువులు ముందే నిండి ఉంటాయి, గట్లు వరదను లోపలికి రానివ్వవు. ఉదాహరణకు, 100 చ.కి.మీ. మేర ఐదు అడుగుల ఎత్తు నీరు పట్టే చోటు గట్ల వెనక్కి పోయిందనుకుంటే, 15.2 కోట్ల ఘనపు మీటర్ల నిల్వ పోయినట్టే. అంటే 5 టి.ఎం.సి.లకు పైమాటే. ఆ నీరు పొలాల మీదికి, లంక గ్రామాల మీదికి మళ్లుతుంది.

ఐదో కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలి చెరువు గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. అయితే పై లెక్కను మళ్లీ చూడండి. వరద నీటిలో ఎక్కువ భాగం నిలిచేది ఐదో కాంటూరుకు పైననే. అభయారణ్యాన్ని కాపాడటం అవసరమే, కాని వరద రక్షణకు అది ఒక్కటే సరిపోదు.

6. సారాంశం

వైశాల్యం సరస్సు పరుపును చెబుతుంది, పరిమాణం అందులో పట్టే నీటిని చెబుతుంది. లోతు తక్కువైన సరస్సుల్లో మట్టం, రుతువు మారితే ఈ రెండూ మారతాయి. వరద నిల్వను అంచనా వేసేటప్పుడు నీరు కనిపించే చోటును కాక, కొత్త నీరు చేరగల చోటును లెక్కించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక సరస్సు వైశాల్యం 200 చ.కి.మీ., సరాసరి లోతు 1.2 మీటర్లు. నీటి పరిమాణం ఎంత? (జవాబు: 24 కోట్ల ఘనపు మీటర్లు, సుమారు 8.5 టి.ఎం.సి.లు)
2. నిండి ఉన్న చేపల చెరువును వరద నిల్వ లెక్కలో ఎందుకు చేర్చకూడదు? ఐదు వాక్యాల్లో రాయండి.